బలమా? బిలమా? — గుహాక్షేత్రయాత్రయు, తెలుగు రచనలును

కొండగుహలో వెలసిన దేవుని చూడబోవుట తెలుగువారికి క్రొత్త గాదు. అహోబిలము, యాగంటి, యాదగిరిగుట్ట, మంగళగిరి మొదలగు క్షేత్రముల పేరు వినని యిల్లు తెలుగునాట అరుదు. ఈ క్షేత్రములను గూర్చి పురాణములు పుట్టినవి, శతకములు పుట్టినవి, సంకీర్తనలు పుట్టినవి. ఈ కాలమున గుడివాకిట అమ్ముడుపోవు చిన్న మాహాత్మ్య పుస్తకములును పుట్టినవి. ఇంత వాఙ్మయమున యాత్రికుడు ఎక్కడ నున్నాడు? అతడు ఎక్కిన మెట్టు, వంచిన తల, తడుముకొన్న గోడ, దోసిట పట్టి త్రాగిన నీరు ఎంతవరకు అక్షరరూపము దాల్చినవి? ఈ ప్రశ్నను రాజమహేంద్రవరమునుండి అడిగినచో ఒక సమాధానము వచ్చును. పావగడనుండి అడిగినచో సమాధానము కొంత మారును.

పావగడ తాలూకా కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాకు చేరినదే యైనను, పటమున చూచినచో ఆంధ్రప్రదేశపు నేలలోనికి చొచ్చుకొనిపోయిన ద్వీపమువలె కానవచ్చును. పొరుగుననున్న మడకశిర, పెనుగొండ, కళ్యాణదుర్గము ప్రాంతములతో దానికి గల రాకపోకలు, పెండ్లిసంబంధములు, సంతబేరములు చాల పాతవి. ఇంట తెలుగు, బడిలో కన్నడము, గుడిలో రెండును — అక్కడి అనేక కుటుంబముల భాషాస్థితి ఇది. నేల రాతిగుండ్లతో నిండినది, వాన తక్కువ, బావినీట ఫ్లోరైడు ఎక్కువ. 2018లో ఆరంభమై 2019 చివరకు 2050 మెగావాట్ల స్థాయిని అందుకొన్న సౌరవిద్యుత్ కేంద్రము సుమారు 13,000 ఎకరములందు ఈ తాలూకాలోనే నెలకొన్నదనగా, అక్కడ ఎండ యెంత పుష్కలమో వేరుగ చెప్పనక్కరలేదు. ఇట్టి సీమవారు గుహలోని దేవుని చూడబోవునపుడు వారి కన్ను మొదట దేనిని వెదకునో ఊహింప వచ్చును.

ఆ సీమలో ఊళ్ళ పేరులే కొంత చెప్పుచున్నవి. పావగడ యనగా పాముకొండ. పాతకన్నడమున పావు, నేటి కన్నడమున హావు, తెలుగున పాము — మూడును ఒకే మాట. దుర్గము కట్టునపుడు పాముబొమ్మ గల రాయి దొరకుటచే ఆ పేరు కలిగెనని ఐతిహ్యము. ఆ తాలూకాలోనే ఉత్తరపినాకిని యొడ్డున నాగలమడిక యను సుబ్రహ్మణ్యక్షేత్రము కలదు. రాయలసీమ రైతులు నేటికిని నాగలిని మడక యనియే పిలుతురు. మడిక యన్నను అదియే. ఏటేట కుక్కె సుబ్రహ్మణ్యమునకు పోయివచ్చు భక్తుడొకడు ముదిమిచే నడువలేకపోగా, స్వామి కలలో కనబడి తానే వచ్చెదనని చెప్పెననియు, పొలము దున్నుచుండగా మడకకు తగిలి నాగశిల బయటపడెననియు కథ. విమర్శకుడు ఈ కథను దాటిపోరాదు. దేవుని ప్రతాపము దీని వస్తువు కాదు. నడువలేని కాళ్ళు దీని వస్తువు. మాహాత్మ్యములు సామాన్యముగా మునితో ఆరంభమై రాక్షసునితో నడచి వరముతో ముగియును. ఇది యాత్రికునితో ఆరంభమై యాత్రికునితోనే ముగిసినది. పండితులు కల్పించిన కథలకును జనము చెప్పుకొన్న కథలకును గల భేదమిది. గుహాక్షేత్రముల విషయమున ఈ భేదము మరింత స్పష్టముగా కానవచ్చును.

అందులకు అహోబిలము పేరే మొదటి సాక్ష్యము. ఆ పేరునకు రెండు రూపములు కలవు. హిరణ్యకశిపుని చీల్చిన నరసింహుని చూచి దేవతలు ‘అహో! ఏమి బలము!’ అని అబ్బురపడిరట, అది అహోబలము. స్వామి వెలసిన గుహను చూచి ‘అహో! ఏమి బిలము!’ అని వెరగుపడిరట, అది అహోబిలము. కావ్యములందును శాసనములందును మొదటి రూపమే యెక్కువ. ఎఱ్ఱన వాడినది అదియే, అన్నమాచార్యుడు వాడినది అదియే. పావగడ, అనంతపురము సీమలలో విరివిగా వినవచ్చు ఓబులయ్య, ఓబులేసు, ఓబుళమ్మ అను పేరులును అహోబల రూపమునుండి వచ్చినవే. అయినను నేడు లోకమున నిలిచినది అహోబిలమే. ఏ రూపము ముందు, ఏది వెనుక అను చర్చ భాషాశాస్త్రజ్ఞులది. సాహిత్యవిమర్శకు కావలసినది వేరు. ‘బలము’ దేవుని చూచినవాని మాట. ‘బిలము’ దేవుని వెదకుచు లోనికి పోయినవాని మాట. తెలుగు కవిత్వము చిరకాలము బలమును పాడినది. బిలమును గూర్చి అది పలికినది తక్కువ.

ఎఱ్ఱన విషయము చూడుడు. పదునాలుగవ శతాబ్దిలోని యీ మహాకవి తన నృసింహపురాణమును అహోబల నృసింహునికే అంకితము చేసెను. తాత కలలో కనబడి ఆ కావ్యమును రచింపుమని చెప్పుటయు అవతారికలో కలదు. హిరణ్యకశిపుని తపస్సు, ప్రహ్లాదుని భక్తి, స్తంభోద్భవము — ఈ ఘట్టములందు ప్రబంధపరమేశ్వరుని వర్ణనాశక్తికి వంక పెట్టజాలిన వాడు లేడు. అయితే ఎఱ్ఱనను ఆదరించిన ప్రోలయ వేమారెడ్డి చేసిన పుణ్యకార్యములలో ముఖ్యమైనది వేరొకటి: శ్రీశైలమునకును అహోబలమునకును యాత్రికుల కొరకు సోపానములు కట్టించుట. ప్రభువు మెట్లు కట్టించెను. కవి సింహమును కీర్తించెను. ఒకే కాలమున, ఒకే ఆస్థానమున, ఒకే క్షేత్రమును గూర్చి జరిగిన ఈ రెండు పనులు ఒకదానినొకటి పలుకరించుకొనలేదు. మెట్లకు శాసనము దక్కినది, వేమారెడ్డి బిరుదావళిలో స్థానము దక్కినది; ఆ మెట్లెక్కినవాని ఊపిరికి కావ్యమున స్థానము దక్కలేదు. ఇది ఎఱ్ఱన దోషమనుట తగదు. పురాణమున కవి చేయవలసిన పని వేరు, శ్రోత కోరినది వేరు. కాని ఆ మర్యాద తరువాతి వారికి అలవాటయి, అలవాటు నియమమయి, నియమము తుదకు చూపునే మార్చివేసినది.

కవికి బిలము కనబడుట అసాధ్యము కాదనుటకు ద్రావిడవాఙ్మయము నుండియే నిదర్శనము కలదు. తిరుమంగై ఆళ్వారు పెరియ తిరుమొళిలో సింగవేళ్కుండ్రమును, అనగా అహోబిలమును, పది పాశురములందు కీర్తించెను. అందు నరసింహుని ప్రతాపము ఉన్నది. దానితోపాటు ఎండకు పగిలిన వెదురు, బాటసారులను దోచు వేటగాండ్రు, రాబందులు, కాలుచున్న అడవియు ఉన్నవి. సామాన్యులకు చేరరాని చోటని ఆళ్వారు చెప్పినపుడు అది స్తోత్రమును అగును, దారి సమాచారమును అగును. దూరమునుండి వచ్చిన తమిళ భక్తునికి కనబడిన ఎండ, ఆ ఎండలోనే పుట్టిపెరిగిన తెలుగు కవులకు వర్ణనీయముగా తోచకపోవుట వింత.

యాత్రాకాంక్షను తెలుగున మిక్కిలి మనోహరముగా చెప్పిన కావ్యము మనుచరిత్రము. ప్రవరుడు తీర్థముల పేరు విన్నంతనే ఉప్పొంగిపోవును. వచ్చిన ప్రతి యతిథిని దేశాంతర విశేషములు అడుగును. తుదకు సిద్ధుడొకడు వచ్చి పాదములకు పసరు పూయగా, క్షణములో హిమాలయమున నిలుచును. ఆ పసరు మంచునకు కరగిపోయి తిరుగుదారి లేక చిక్కుకొనుటయే కథకు మూలము. పెద్దన ప్రతిభ లోకవిదితము. ఐనను ఒక్క విషయము గమనింపదగినది: తెలుగు కావ్యములలో ప్రసిద్ధికెక్కిన యాత్రికుడు ఒక్క అడుగైనను నడువలేదు. దారిలేని యాత్ర చేసినవానికి తిరిగివచ్చు దారియు లేకుండుట కవి ఉద్దేశించిన వ్యంగ్యమేమో! పెద్దన ఇక్కడ దారిని మరచినట్లు తోచును గాని, పసరు కరగుట ద్వారా దాని విలువను అందరికంటె గట్టిగా చెప్పినవాడును ఆయనయే.

నడచిన యాత్రికులు లేకపోలేదు. వారిని ద్విపద కవులలో వెదకవలెను. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమున పర్వతప్రకరణము చదివినవారికి శివరాత్రికి శ్రీశైలమునకు పోవు జనసమూహము కన్నులకు కట్టును. అచ్చట మల్లికార్జునుడు ఎంత ముఖ్యుడో, దుమ్ములో నడచుచు పాడుచు ఆడుచు పోవు భక్తుడును అంత ముఖ్యుడు. తాళ్ళపాక చిన్నన్న ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రమున బాలుడైన అన్నమయ్య తిరుమల కొండ సగమెక్కి, ఆకలియు అలసటయు మీదికొని ఒక వెదురుపొద నీడను సొమ్మసిలి పడును. అలమేలుమంగ ముత్తైదువగా వచ్చి, కాళ్ళ చెప్పులు విప్పించి, ప్రసాదము పెట్టి దారి చూపును. ఆకలి, అలసట, చెప్పులు — మూడును శరీరమునకు సంబంధించినవే. తిరుమల గుహాక్షేత్రము కాకపోయినను, యాత్రను శరీరముతో చెప్పుట తెలుగు కవికి చేతనైన పనియే యనుటకు ఈ ఘట్టము చాలును. మార్గకవిత్వము విడిచిన దానిని దేశికవిత్వము చేపట్టినదని కొందరు దీనిని సూత్రీకరింపవచ్చును. అంత సులభముగా తేల్చుట మంచిది కాదు; ద్విపదలలోను బలము పాడినవే పెక్కు.

వచనమునకు వచ్చుసరికి ఏనుగుల వీరాస్వామయ్య ఒక్కడే ఒక యుగము. ఆయన 1830 మే 18న చెన్నపట్టణమునుండి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరెను. దారిలో అహోబిలమును శ్రీశైలమును దర్శించెను. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళ 1838లో కాశీయాత్రచరిత్రను అచ్చువేయించెను. దిగవల్లి వేంకటశివరావు పరిష్కరించిన ప్రతి 1941లో వెలువడినది. ఏ మజిలీలో నీరు మంచిది, ఏ ఊర దినుసులు దొరకును, ఏ దారి బండ్లకు పనికివచ్చును, శ్రీశైలమున కందనూరి నవాబు మనుషులు యాత్రికులనుండి ఎట్లు పన్ను గుంజుదురు — ఇవన్నియు ఆయన వ్రాసెను. భక్తుడుగా ఆయనకు లోటు లేదు. కాని దేవుని చూడబోవువానికి త్రాగునీరు కావలెనను సత్యమును వ్రాతయోగ్యమని తలచిన తెలుగు రచయితలలో ఆయనయే మొదట లెక్కింపదగినవాడు. ఈ గ్రంథమును చరిత్రాధారముగా వాడుకొన్నవారు పెక్కుమంది. విమర్శకులు దీనిని క్షేత్రవాఙ్మయమున నృసింహపురాణము ప్రక్కన పెట్టి చదువుట మాత్రము అరుదు. అట్లు చదివినపుడే ఒకదాని లోటు రెండవది పూరించుట తెలియును.

గుహయు నీరును కలిసిన ఘట్టము అతిప్రాచీనముగా ఒకటి కలదు. రామాయణము నెరిగిన ప్రతివారును దానిని వినియుందురు. కిష్కింధాకాండమున సీతను వెదకుచు పోయిన వానరులు దప్పిచే డస్సి ఋక్షబిలమను గుహను చూతురు. లోపల ఏమున్నదో వారికి తెలియదు. అయితే ఆ బిలమునుండి హంసలు, సారసములు రెక్కలు తడిసి వెలుపలికి వచ్చుచుండును. లోపల బావియో సరస్సో ఉండితీరవలెనని హనుమంతుడు ఊహించును. సూర్యచంద్రులు చొరని చీకటిలో ఒకరినొకరు పట్టుకొని వారు యోజనము దూరము పోయి, స్వయంప్రభ యున్న వెలుగును చేరుదురు. తడిసిన రెక్క అను ఈ యొక్క చిన్న యానవాలులో గుహాయాత్ర సర్వము నిమిడియున్నది: బయట ఎండ, లోపల చీకటి, చీకటి కావల నీరు, ప్రక్కవాని చేయి. మాహాత్మ్యకర్తలు వాల్మీకిని ప్రతిపుటయందు స్మరింతురు గాని ఈ రెక్కను మాత్రము చూడరు.

పావగడకు దక్షిణముగా తుమకూరు జిల్లాలోని గుహాక్షేత్రములకు పోయిన యాత్రికునికి ఆ రెక్క వెంటనే జ్ఞప్తికి రాగలదు. కొరటగెరె తాలూకాలో సిద్ధరబెట్ట కలదు. పెద్దపెద్ద గుండ్లు ఒకదానిపై నొకటి ఒరిగి యేర్పడిన గుహలో సిద్ధేశ్వరుడు. ఆ గుహలోనే చల్లని నీటి ఊట. తుమకూరు దాపున సిద్ధగంగ పేరులోనే గంగ ఉన్నది. దప్పిగొన్న సాధువుకొరకు గోసల సిద్ధేశ్వరుడు రాతినుండి నీరు పుట్టించెనని అచ్చటి ఐతిహ్యము. దేవరాయనదుర్గము కొండ దగ్గర నామదచిలుమె యను చోట రాముడు నామము దిద్దుకొనుటకు నీరు లేక బాణము వేయగా బండలో ఊట పుట్టినదట. జిల్లా సరిహద్దు దాటినంతనే శివగంగ: అచ్చట గవి గంగాధరేశ్వరుడు గుహలో నున్నాడు, పైన ఒళకల్ తీర్థమున రోటివంటి రాతిగుంటలో యాత్రికుడు చేయి జొనిపి నీటికొరకు తడుముకొనును. నీరు తగిలినవాడు అదృష్టవంతుడని నమ్మకము. కన్ను కనజాలని చోట చేయి చూచుట — గుహాదర్శనమన నిదియే. గర్భగుడిలో దేవుని కంటితో చూతుము. గుహలో మొదట అరికాలితోను, అరచేతితోను, వంగిన వెన్నుతోను చూతుము. దర్శనమను మాటకు ఇక్కడ అర్థము విస్తరించుచున్నది. ఈ విస్తృతిని పట్టుకొన్న పద్యము తెలుగున వ్రేళ్ళమీద లెక్కింపదగినంత కూడ లేదు.

ఈ సందర్భమున భాషను గూర్చి ఒక ముచ్చట. గవి యనగా తెలుగునను గుహయే, కన్నడమునను గుహయే. ఉరవకొండ గవిమఠము పేరు అందరెరిగినదే. కొండమీద రాతిలో సహజముగా నేర్పడిన నీటిగుంటను రాయలసీమవారు దొన యందురు. కన్నడిగులు దొణె యందురు. తెలుగువారి చెలమయే కన్నడిగుల చిలుమె. రాజ్యములు మారినను, 1956లో రాష్ట్రములు క్రొత్త హద్దులతో ఏర్పడినను, గుహకును నీటికిని గల పేరులు హద్దును ఎరుగవు. సంస్కృతపు ‘బిలము’, ‘తీర్థము’, ‘పుష్కరిణి’ పుస్తకములలో నిలిచినవి; గవి, దొన, చెలమ నోటిలో నిలిచినవి. కావ్యభాష ఏ వైపు నిలిచెనో చెప్పనక్కరలేదు.

సిద్ధుల మాట వచ్చినది కావున గౌరన నవనాథచరిత్రమును పేర్కొనవలెను. పదునైదవ శతాబ్దిని శ్రీశైల భిక్షావృత్తి మఠాధిపతి కోరికపై వెలసిన ఈ ద్విపదకావ్యము సిద్ధుల లోకమును తెలుగున స్థాపించినది. కాలుసేతులు పోగొట్టుకొన్న సారంగధరుడు మీననాథుని కృపచే చౌరంగియను సిద్ధుడగుట ఇందలి కథ. పెద్దన సిద్ధుడు కాలికి పసరు పూసి నడకను తప్పించెను. గౌరన సిద్ధుడు పోయిన కాళ్ళను తిరిగి యిచ్చెను. ఈ రెంటిలో గుహాయాత్రికునికి దగ్గరివాడు రెండవవాడే. సిద్ధరబెట్ట నేటికిని మూలికలకు పేరుపడినది. అచ్చట వేళ్ళు, ఆకులు వెదకువారు కలరు. మెట్లు తప్పించు పసరు మాత్రము ఏ చెట్టునను దొరకదు.

కావ్యముల కాలము గడచి తత్త్వముల కాలము వచ్చిన తరువాత పరిస్థితి కొంత మారినది. గుహను వర్ణించు కవులకు బదులు గుహలో కూర్చున్న కవులు పుట్టిరి. బనగానపల్లె సమీపమున రవ్వలకొండ గుహలో పోతులూరి వీరబ్రహ్మము కాలజ్ఞానము వ్రాసెనని ప్రతీతి; యాగంటిలోను ఆయన పేర ఒక గుహ కలదు. కర్ణాటకమున చింతామణి తాలూకాలోని కైవారమున, గాజులమ్ముకొని జీవించిన నారేయణుడు, పరదేశిస్వామి యుపదేశమున నరసింహుని కొండగుహలో తపస్సు చేసి కైవార తాతయ్యగా ప్రసిద్ధికెక్కెను. ఆయనయు కాలజ్ఞానము చెప్పెను; తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించెను. ఈ యిద్దరును కాలజ్ఞానకర్తలే యగుట కాకతాళీయమని త్రోసివేయరాదు. వెలుపలి పగలు రాత్రి తెలియని చోట కూర్చున్నవాడు కాలమును గూర్చి పలుకుట సహజమే కదా. ఇద్దరి భాషయు కావ్యభాష కాదు. కంసాలి, కుమ్మరి, గాజులవాడు మాటలాడు భాష. గుహ కవి భాషను మార్చినదని గట్టిగా చెప్పుటకు ఈ నిదర్శనములు చాలవు. అయితే సంస్థానపు కొలువులోనుండి గుహను పొగడినవాని తెలుగునకును, గుహలోనుండి జనమును పలుకరించినవాని తెలుగునకును గల దూరము చెవికి తోచుచునే యున్నది.

ఇక నేటి మాహాత్మ్య పుస్తకములు. వీనిని పండితులు తేలికగా చూచుట అలవాటు. అది న్యాయము కాదు. సామాన్య గృహస్థుని యింట చేరు క్షేత్రవాఙ్మయము ఇదియే. వీని లోపము అజ్ఞానము గాదు, అనుకరణము. యాగంటిని గూర్చిన పుస్తకమున అగస్త్యుడు వైష్ణవాలయము కట్టదలచుట, విగ్రహము కాలిగోరు విరుగుట, కాకులకు శాపము తగులుట, బసవన్న పెరుగుట — ఇవి యుండును. అగస్త్యగుహకు పోవు నిట్టనిలువు మెట్లమీద ముసలివారు ఎక్కడ నిలిచి ఊపిరి తీసికొందురో, పుష్కరిణిలో వేసవియందును నీరు నిలుచుటను చూచి మెట్టనేల రైతులేమి తలంతురో ఉండదు. ఎగువ అహోబిలము పుస్తకమున జ్వాలానరసింహుని అవతారఘట్టము విపులముగా నుండును. ఆ చరియ దారిలో భవనాశిని నెక్కడ దాటవలెనో, రక్తకుండపు నీటి యెరుపును చూచి యాత్రికులేమి చెప్పుకొందురో ఒక వాక్యములో ముగియును. బలము మిగిలి బిలము మాయమగుచున్నది. పండితుల పురాణమును చూచి ముద్రాపకుడు నేర్చుకొన్న పాఠమిది.

పుస్తకమునందు జరిగినదే కొండమీదను జరుగుచున్నది. గుహలకు పాలరాతి పలకలు, విద్యుద్దీపములు, ఇనుపకంచెలు వచ్చినవి. ముసలియవ్వ జారిపడకుండ నొక కంచె, పాము కనబడుటకొక దీపము — వీనిని నిందించుట పట్టణవాసియైన రసికునికి తగినపని కావచ్చును గాని మెట్లెక్కువారికి తగదు. ప్రోలయ వేమారెడ్డి మెట్లును ఆనాటి సౌకర్యములే. యాదగిరిగుట్ట ఆలయము 2016లో మొదలిడిన పునర్నిర్మాణమునంతరము 2022 మార్చి 28న తిరిగి తెరువబడినపుడు, చుట్టును నల్లరాతి మహాలయము లేచినను స్వామి వెలసిన గుహను అట్లే నిలిపిరి. అది మెచ్చదగినది. చిక్కు మరియొకచోట నున్నది. వంగవలసిన చోట వంగనక్కరలేకుండ చేసినపుడు, అక్కడ వంగవలెనని చెప్పు మాటయు పోవును. ‘ఇక్కడ తల వంచుకో, ఎడమచేత గోడ పట్టుకో, మూడడుగుల తరువాత తడి తగులును’ అని ముందున్నవాడు వెనుకవానికి చెప్పు మాటలు ఏ పురాణమునను లేవు. అవియే గుహయొక్క అసలు పాఠము. తాళపత్రము లేని పాఠము.

తెలుగునాట ఆ మాట పోయినచో తిరిగి కూర్చుకొనుటకు బడులు, పత్రికలు, అకాడమీలు కలవు. పావగడ సీమలో ఆ మాట చెప్పు పెద్దలు తెలుగున చెప్పుదురు. వినవలసిన మనుమలు కన్నడమున చదువుదురు. పెద్దలలో ననేకులకు తెలుగు వ్రాత రాదు, పిల్లలకు తెలుగు లిపి రాదు. క్షేత్రమును గూర్చి ఎవరైన పుస్తకము వేసినచో అది కన్నడమున వెలువడును. అందు తప్పు లేదు. అయితే అనువాదమున సైతము ముందుగా నిలుచునది బలమే. నరసింహుని ప్రతాపమును ఏ భాషలోనైన చెప్పవచ్చును. గుండు క్రింద దూరునపుడు అవ్వ మనుమనితో పలికిన మాట ఆ భాషలోనే ఉన్నది.

ఇందులకు తరణోపాయము కైవారమున ఏనాడో దొరకినది. తాతయ్య తెలుగు కీర్తనలను అచ్చటి భక్తులు కన్నడ లిపిలో అచ్చువేసికొని పాడుకొనుచున్నారు. మాట తెలుగు, అక్షరము కన్నడము. భాషాభిమానులు కొందరు దీనిని చూచి నొచ్చుకొందురు. తెలుగునకు తెలుగక్షరమే ఉండవలెనందురు. కాని ఆ యక్షరముల వలననే ఒక తెలుగు వాగ్గేయకారుడు చనిపోయిన సుమారు రెండు శతాబ్దుల తరువాతను, తెలుగు చదువరాని తెలుగువారి నోట నిలిచియున్నాడు. పావగడ తాలూకా పెద్దలు నాగలమడిక మడకను గూర్చి, సిద్ధరబెట్ట గవిలోని చలువను గూర్చి, ఒళకల్ గుంటలో నీరు అందిన యేటిని గూర్చి చెప్పు మాటలను ఆ విధముననే కన్నడ లిపిలో, చెప్పినవారి తెలుగులో, ఒక్క పదము దిద్దకుండ వ్రాసికొనుటకు ఆటంకమేమియు లేదు. తెలుగు సంఘముల సంచికలు ఇప్పటివరకు ఎఱ్ఱనను గూర్చియు పెద్దనను గూర్చియు ఎన్నియో వ్యాసములు వెలువరించినవి. అట్టి వ్రాతకు నాలుగు పుటలు కేటాయింప లేనివి కావు. అవ్వలు ఇంకను మెట్లెక్కుచునే యున్నారు.